పడవగర్భమున లోతుమాపకము
(సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ముప్పదియైదు వత్సరములు బడిపిల్లలకు శబ్దములును ధాతువులును వల్లెవేయించిన నన్ను, పడవలో యంత్రము బిగించు విధమును గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు కోరుట మీలో కొందఱికి వింతగా తోచియుండును. మొదట నాకును అట్లే తోచినది. కాని నేను జాలరిపేట యిసుకలో పెరిగినవాడను. మా అన్నగారి కుమారునకు కలిగిన నష్టమే నాకీ పాఠమును నేర్పినది. ఆ నష్టము మఱియొక యింట కలుగరాదను తలంపుతో ఈ నాలుగు మాటలు విన్నవించుచున్నాను.

మన పెద్దలు సముద్రపు లోతును బారలతో లెక్కించిరి. రెండు చేతులును చాచినపుడు ఒక కొనవ్రేలినుండి మఱియొక కొనవ్రేలివఱకు గల కొలతయే బార; ఇంచుమించు ఆఱడుగులు. త్రాటికి గుండు కట్టి దింపి, అది నేల తాకినంతట బారలు కొలుచుకొనుచు పైకి లాగెడివారు. యారాడకొండ, కైలాసగిరి, సింహాచలపు కొండ మున్నగు గుర్తులను రెండేసి యొక వరుసకు తెచ్చుకొని, ఎచ్చట చేప యుండునో, ఎచ్చట రాతిగుట్ట వలను పట్టునో నిర్ణయించెడివారు. ఆ విద్య కాగితముపై వ్రాసినది కాదు. తండ్రి నోట కుమారుడు నేర్చినది. అయినను మబ్బు క్రమ్మిన వేళ కొండ కానరాదు. ప్రవాహము వేగముగా నున్నపుడు త్రాడు వాలిపోయి లెక్క తప్పును. ఇందువలననే నేటి యువకులు ఎకో సౌండరు కొనుచున్నారు.

మా అన్న కుమారుడును అట్లే కొనెను. పెక్కునెలలు కూడబెట్టిన సొమ్ము దానికి వెచ్చించెను. ఒక పనివాడు వచ్చి, సముద్రములోనికి శబ్దమును పంపు బిళ్ళను, అనగా ట్రాన్స్‌డ్యూసరును, పడవ యడుగున లోపలివైపు రబ్బరువంటి జిగురుతో ఒక్క గడియలో అంటించి పోయెను. ఆ దినమునుండి యంత్రము ఒకప్పుడు అంకె చూపును, ఒకప్పుడు చూపదు. చూపిన అంకె నమ్మదగినది కాదు. ఒకనాటి రాత్రి దానిని నమ్మి వల విడువగా, వల రాతిగుట్టపై చిక్కి చినిగిపోయెను. వలతో కూడ ఆ యేటి లాభమును పోయెను; అప్పు మిగిలెను. అతడు యంత్రమును ఊడదీసి అటుకపై పెట్టి, “చిన్నాన్నా! ఇవి పెద్ద ఓడలకే గాని మనబోటివారికి పనికిరావు” అనెను. వల చినుగుటకంటె ఆ మాటయే నన్నెక్కువ బాధించినది. దోషము యంత్రమున లేదు, మనయందును లేదు. బిగించిన తీరున నున్నది. అది యెట్లో వినుడు.

అన్నంభట్టు తర్కసంగ్రహమున శబ్దము ఆకాశముయొక్క గుణమని చదివినవాడను నేను. కాని శబ్దము నీటిలో గాలిలోకంటె నాలుగింతలకు పైగా వేగముతో పోవును. 1826వ సంవత్సరమున కొలడాన్, స్టర్మ్ అను నిద్దఱు జెనీవా సరస్సునందు నీటిలోపల గంట మ్రోగించి, అదే క్షణమున వెలిగించిన మందుగుండు మెఱపును ఆవలి పడవనుండి కనిపెట్టి, శబ్దవేగము సెకండునకు 1435 మీటర్లని తేల్చిరి. ఉప్పునీటిలో అది సుమారు 1500 మీటర్లు. 1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. 1912లో టైటానిక్ ఓడ మునిగిన పిమ్మట జర్మనీ దేశస్థుడైన అలెగ్జాండర్ బెహమ్ ప్రతిధ్వనితో లోతు కొలుచు విధానమునకు 1913లో పేటెంటు పొందెను. నేటి ట్రాన్స్‌డ్యూసరులోని బిళ్ళ విద్యుత్తు తగిలిన కంపించి శబ్దమును పంపును; తిరిగివచ్చిన శబ్దము తాకిన మరల విద్యుత్తు నిచ్చును. ముప్పది బారల లోతున, అనగా సుమారు 55 మీటర్లలో, శబ్దము పోయి వచ్చుటకు సెకండులో పదునాలుగవ వంతు చాలును. ఆ కాలమును సగము చేసి వేగముతో గుణించినచో లోతు తెలియును. ఇంతే రహస్యము.

ఇక దీనిని పడవలోపలనే యేల బిగింపవలెను? మన పడవలు రేవుగోడకు కట్టియుంచునవి కావు. కెరటములను దాటి వచ్చి యిసుకపైకి ఈడ్వబడునవి. బయట వ్రేలాడు ట్రాన్స్‌డ్యూసరు ఒక్క ఈడ్పుతో విఱుగును. అడుగున రంధ్రము చేసి బిగించినచో నీరు చొచ్చుభయ మెల్లపుడు నుండును. ఫైబరు అడుగుగుండ శబ్దము పోగలదు గనుక లోపలినుండి బిగించుటయే మనకు క్షేమము. కాని యొక్క నియమము: బిళ్ళకును నీటికిని నడుమ గాలి యుండరాదు. గాలి తగిలినచోట శబ్దము దాదాపు అంతయు వెనుకకు మరలును. చిన్న బుడగలు చాలు, యంత్రము గ్రుడ్డిదగుటకు. థర్మాకోలు, నురుగు, చెక్క నింపిన అడుగుగుండ శబ్దము సరిగా పోదు. పడవ తేలుటకై రెండు పొరల నడుమ థర్మాకోలు నింపుట కలదు. మా వాని బిళ్ళ సరిగా అట్టిచోటనే అంటింపబడినది.

బిగించు క్రమమును ఇపుడు చెప్పెదను. యువకులు వ్రాసికొందురు గాక.

మొదటిది స్థలనిర్ణయము. పడవ వెనుక భాగమున, నడిమి దూలమునకు దగ్గఱగా, పడవ పరుగిడునపుడును నీటినుండి పైకి లేవనిచోటు కావలెను. అది పంకాకు ముందుండవలెను. పంకా త్రిప్పిన నీటిలోని బుడగలు దాని క్రిందికి రారాదు. అడుగున బయటివైపు గట్లున్నచో వాని వెనుకచోటు పనికిరాదు. వ్రేలితో తట్టి చూడుడు. డొల్లగా మ్రోగినచోట పొరల నడుమ ఖాళీ గాని నురుగు గాని యుండును. సందేహమైనచో పడవ కట్టినవానినే అడుగుడు.

రెండవది పరీక్ష. అంటించుటకు ముందే పరీక్షింపవలెను. దీనిని మఱచుటయే అనర్థములకు మూలము. పడవను నీటిలో నుంచి, పలుచని ప్లాస్టిక్ సంచిలో నీరు పోసి గాలి లేకుండ ముడివైచి, ఎంచుకొన్నచోట తడిచేసి ఆనించి, దానిపై ట్రాన్స్‌డ్యూసరును నొక్కి పట్టుడు. అంకెను చూచి, గుండు దింపి బారలతో సరిపోల్చుడు. సరిపోయినచో స్థలము మంచిది. లేనిచో జానెడు జరిపి మరల చూడుడు. నీటిసంచికి ఖర్చు లేదు. చినిగిన వలకు కలదు.

మూడవది అంటించుట. ఆచోటి రంగును, నూనెను పోగొట్టి, గరుకుకాగితముతో రుద్ది, ఉప్పు పోవునట్లు మంచినీట కడిగి, బాగుగా ఆరనిండు. మెల్లగా గట్టిపడు ఎపాక్సీని తీసికొని, నురుగు రాకుండ నిదానముగా కలుపుడు. చేతులకు తొడుగులుండవలెను. అడుగున కొంత పోసి, బిళ్ళ ముఖమునకును కొంత పూసి, నొక్కుచు అటునిటు త్రిప్పినచో బుడగలు ప్రక్కలకు వెడలిపోవును. రబ్బరువలె సాగు జిగుళ్ళు శబ్దమును మ్రింగును గనుక వానిని వాడకుడు. ఒక పగలు ఒక రాత్రి పడవను కదపరాదు. అంటింప నిష్టము లేనివారు చిన్నగొట్టమును అడుగున అతికి, దానిలో నూనె నింపి, ట్రాన్స్‌డ్యూసరును అందు ముంచి యుంచవచ్చును. మన యింటి ఆముదమున శబ్దవేగము నీటిలోని వేగమునకు చాల చేరువ. అందుచేతనే శబ్దయంత్రములలో దానిని నింపుట కలదని చదివి నేను సంతోషించితిని.

నాలుగవది తీగ. దానిని ఇంజను తీగలకు దూరముగా నడిపింపవలెను, కోసి ముడివేయరాదు. బ్యాటరీవద్ద ఫ్యూజు తప్పక యుండవలెను.

ఈ విధానమున కొంత లోపము లేకపోలేదు. ఫైబరుగుండ పోయివచ్చుటచే ప్రతిధ్వని కొంత బలహీనమగును. లోతు తెలియును గాని చిన్నచేపల గుర్తులు మసకబారవచ్చును. అది చూపు వెచ్చదనము పడవ యడుగుదే గాని సముద్రముది కాదు. మఱియు నిది క్రిందనున్నదానిని చెప్పునే గాని ముందున్న రాతిని చెప్పదు. కావున గుండును, త్రాటిని పాఱవేయకుడు. యంత్రము చెప్పిన లోతును నెలకొకసారి గుండుతో సరిచూచుకొనుడు.

మా అన్న కుమారుని కథ ముగింపవలెను గదా. మన పేటలోనే పాలిటెక్నిక్ చదివిన యొక బాలుడు అటుకపైని యంత్రమును దింపించి, నీటిసంచితో రెండు జాములు వెదకి, గట్టి ఫైబరున్న చోటును పట్టి, నేను చెప్పిన క్రమముననే అంటించెను. పిదప పడవలో మా అన్నగారు గుండు దింపి “ఇరువదిరెండు బారలు” అనిరి. అద్దమున నలుబది మీటర్లు కనబడెను. తండ్రికొడుకులు ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. నాటినుండి ఆయన చెప్పు రాతిగుట్టల స్థానములను, లోతులను కుమారుడు పుస్తకమున వ్రాసికొనుచున్నాడు.

మహాశయులారా! నా ప్రార్థన లివి రెండు. ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు వేట నిషిద్ధమై మన పడవలు ఒడ్డుననే యుండును. ఆ 61 దినములలో సంఘముపక్షమున ఒక పడవపై ఈ పనిని చేసి చూపించి, పేటకిద్దఱు బాలురకు నేర్పింపవలెను. పోషకులు ఎపాక్సీకిని, పనిముట్లకును తోడ్పడినచో చాలును. రెండవది, ఎనుబదేండ్ల పెద్దలు జీవించియుండగనే వారి గుర్తులను, బారల లెక్కలను వ్రాయించి సంఘభవనమున భద్రపఱుపవలెను. యంత్రము చెడినచో క్రొత్తది కొనవచ్చును. ఆ వృద్ధుల నోటిమాట పోయినచో కొన నెవరితరము?

 మన పడవలన్నియు క్షేమముగా ఒడ్డు చేరుగాక!