నల్లగా వస్తే పరిగెత్తా, ఎర్రగా వచ్చినప్పుడు ఊరుకున్నా

అన్నం తింటూ ఈ ఎపిసోడ్ చూస్తున్నవాళ్లు ఉంటే ముందు తినేసి రండి. ఎందుకంటే ఈరోజు మాట్లాడేది మోషన్ గురించి. నవ్వుకోండి, పర్లేదు. ఈ సిగ్గుతోనే నేను ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పకుండా దాచాను.

నాకు అల్సరేటివ్ కొలైటిస్ ఉంది. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు. కొన్నాళ్లు అణిగి ఉంటుంది, మళ్లీ లేస్తుంది. మందులు వాడుతూ ఉండాలి.

హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి కోచింగ్‌కి వెళ్లే రోజుల్లో మొదలైంది. ఒకరోజు టాయిలెట్‌లో ఎర్రగా కనిపించింది. హాస్టల్ కూరల్లో కారం ఎక్కువైంది అనుకున్నా. రూమ్మేట్‌కి చెప్తే "పైల్స్ రా, మజ్జిగ తాగు" అన్నాడు. తాగాను. మెడికల్ షాపులో ఆయింట్‌మెంట్ కూడా కొన్నాను.

పైల్స్‌లో రక్తం మామూలుగా మలం పైన అంటుకుని ఉంటుంది, లేదా తర్వాత చుక్కలుగా పడుతుంది. నాకు అలా కాదు. మలంలో కలిసిపోయి, జిగురుతో వచ్చేది. పైగా తెల్లవారుజామున మూడింటికి నిద్రలోంచి లేచి పరిగెత్తాల్సి వచ్చేది. మోషన్ కోసం నిద్ర లేవడం మామూలు విషయం కాదని నాకప్పుడు తెలీదు. చివరికి వీడియో కాల్‌లో మా అమ్మ చూసి "మొహం ఏంట్రా అలా పీక్కుపోయింది?" అంది. అప్పుడు కదిలాను. కొలనోస్కోపీ చేసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే జబ్బు పేరు తేలింది.

ఇక రెండో కథ. రక్తం పోయి పోయి హిమోగ్లోబిన్ తగ్గింది, ఐరన్ మాత్రలు రాశారు. మూడో రోజు మోషన్ నల్లగా వచ్చింది. అంతే, రాత్రికి రాత్రి ఆటో ఎక్కి ఆసుపత్రికి పోయాను. డ్యూటీ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న: "ఐరన్ వేసుకుంటున్నావా?" ఎనిమిది నెలలు రక్తం పోతుంటే కదలనివాణ్ణి, మాత్ర రంగు చూసి పరిగెత్తాను!

ఐరన్ వల్ల నల్లబడడం మామూలే. బీట్‌రూట్ తింటే ఎర్రగా రావచ్చు. కానీ తారులా జిగటగా, భరించలేని వాసనతో నల్లగా వస్తే, అది పొట్టలోనో చిన్నపేగు పైభాగంలోనో రక్తస్రావం కావచ్చు. తల తిరుగుతుంటే అసలు ఆగొద్దు. ఏదో తేల్చుకోలేకపోతే నాలాగే ఆటో ఎక్కండి, తప్పులేదు.

మెసలమైన్ వాడేవాళ్లకు ఇంకోటి. ఒక్కోసారి మోషన్‌లో మాత్ర పెంకు కనిపిస్తుంది. ఖాళీ పెంకైతే కంగారు అక్కర్లేదు, లోపలి మందు పేగులో విడుదలయ్యే ఉంటుంది. మాత్రలు మాటిమాటికీ మొత్తంగా వస్తుంటే మాత్రం డాక్టర్‌కి చెప్పాలి.

నన్ను బాగా మోసం చేసింది మలబద్ధకం. కొలైటిస్ అంటే విరేచనాలే అనుకుంటాం కదా. మలద్వారం దగ్గరి భాగమే వాచినప్పుడు పైన మలం గట్టిపడి ఆగిపోవచ్చు, కింద నుంచి జిగురు, రక్తం మాత్రమే వస్తాయి. రోజుకు పదిసార్లు కూర్చుంటాం, అసలు మోషనే అవదు. నేను "విరేచనాలు లేవుగా, తగ్గిపోయింది" అనుకుని మందు మానేశాను. నెల తిరక్కుండా మళ్లీ లేచింది.

అప్పటినుంచి ఫోన్‌లో రాసుకుంటున్నా. బ్రిస్టల్ చార్ట్ అని ఉంటుంది, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో డాక్టర్లు తయారుచేసింది. 1 అంటే మేక పెంటికల్లా గట్టిగా, 7 అంటే నీళ్లు. నేను నంబరు, ఎన్నిసార్లు, రక్తం ఉందా, రాత్రి లేచానా అని నాలుగే రాస్తా. ఐదు నిమిషాల అపాయింట్‌మెంట్‌లో "ఏదో బాలేదు సార్" అనడం కన్నా అది చూపిస్తే పని జరుగుతుంది. అది చూసే ఒకసారి డాక్టర్ కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష రాశారు. మలంలోనే పేగు వాపు ఎంతుందో చెప్పే పరీక్ష. మందు డోసు మార్చారు, కొలనోస్కోపీ తప్పింది. ఆ ముందురోజు తాగే మందు రుచి తెలిసినవాళ్లకు నా ఆనందం అర్థమవుతుంది.

రోజుకు ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ రక్తంతో వెళ్తూ, జ్వరం, గుండె దడ, పొట్ట ఉబ్బరం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు విరేచనాలు ఆపే మాత్ర సొంతంగా వేసుకోకండి, పేగు ప్రమాదకరంగా ఉబ్బే అవకాశం ఉంది. తలనొప్పి అని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కూడా డాక్టర్‌ని అడక్కుండా మింగొద్దు, కొందరికి వాటితో జబ్బు మళ్లీ లేస్తుంది.

మా అమ్మకి ఇప్పుడు చార్ట్ అంతా కంఠతా వచ్చు. మొన్న బస్సులో ఉంటే ఫోన్ చేసి "ఈరోజు ఎన్నో నంబరు రా?" అని గట్టిగా అడిగింది. స్పీకర్ ఆన్‌లో ఉంది. "నాలుగే అమ్మా" అన్నా. పక్క సీటాయన నాకేదో ర్యాంకు వచ్చిందనుకుని కంగ్రాట్స్ చెప్పాడు.