సంఘకాపరులతో కొన్ని మాటలు

మన పల్లెలలో క్రైస్తవ సంఘకాపరిని “అయ్యగారు” అని పిలుచుట వాడుక. ఆ పిలుపులో గౌరవమును గలదు, దూరమును గలదు. ఆదివారమునాడు తెల్లని అంగీ ధరించి వేదికయొద్ద నిలిచినప్పుడు ఆ గౌరవము చాలును. కాని సోమవారము సాయంకాలము, కూలిపని నుండి తిరిగివచ్చినవారు పొయ్యి రాజవేసికొను వేళ, ఆ దూరము ఎట్లు తగ్గునన్నదే కాపరి పనిలోని అసలు ప్రశ్న. ఈ పూట మేము ముచ్చటింపదలచినది ఆ సోమవారపు పనిని గూర్చియే. వేదాంతచర్చ మా యుద్దేశము కాదు. ఇటీవలనే పని చేపట్టి, ఏ పల్లెలోనో రాత్రివేళ ఒంటరిగా కూర్చుండి, మన వలన ఇక్కడ ఏమి జరుగుచున్నదని నిట్టూర్చు కాపరులెవరైన వినుచున్నచో, వారితో నాలుగు మాటలు చెప్పవలెనని ఆశ. తక్కిన శ్రోతలును వినవచ్చును. కాపరి బ్రదుకులో సగము వారి చేతులలోనే యున్నది.

తెలుగునాట ఈ పని ఎట్లు మొదలైనదో తెలియుటకు ఒంగోలు చరిత్ర యొక్కటి చాలును. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన గొప్ప కరవులో, ఒంగోలునందలి బాప్టిస్టు మిషనరీ జాను క్లౌ దొర బకింగుహాము కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని వేలాది బీదలకు కూలి కల్పించెను. ఆ సహాయము సాగినంతకాలము ఆయన కొత్తవారికి బాప్తిస్మమీయలేదు. కూటికొరకు మతములో చేరిరన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. తరువాత 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ అంకెను చెప్పుకొనుట అందరికిని ఇష్టమే. మాకు మాత్రము ఆ వెనుకటి దినములమీదనే ధ్యాస. వారందరును తడిబట్టలు మార్చుకొని తమ తమ పల్లెలకు పోయిరి గదా, ఆ పిదప వారి జ్వరములకును తగవులకును, పెండ్లిండ్లకును చావులకును తోడు నిలిచినవారెవరు? చదువు అంతంతమాత్రమైన తెలుగు బోధకులు, ఉపదేశులు. యెర్రగుంట్ల పేరయ్య వంటి ఒకరిద్దరివి తప్ప వారి పేర్లు నేడు ఎవరికిని తెలియవు. నది యొడ్డున జరిగినది ఒక దినపు పని. వారిది ఇంటింటి పని, ఏండ్లతరబడి పని. నేటి కాపరి వారి వారసుడు.

ఇంటింటి పనియంటిమి. ఇందు మొదటి చిక్కు, ఏ యింటికి ముందు పోవలెనన్నది. కొత్తగా వచ్చిన కాపరిని కుర్చీ వేయగల యిల్లు మొదట పిలుచును. పోవచ్చును, తప్పులేదు. కాని రెండవనాడును అక్కడికే పోయినచో, కుర్చీలేని యిండ్లవారు ఆ సంగతిని గుర్తుపెట్టుకొందురు. సంఘములోని ఇండ్లన్నిటిని వరుసగా ఒక చిన్న నోటుపుస్తకములో వ్రాసికొని, ఆ వరుస తప్పక తిరుగుట మేలు. చందా పుస్తకమును మాత్రము ఆ దినమున వెంట తీసికొనిపోరాదు. చందా కొరకే వచ్చు కాపరిని దూరమునుండి చూచి “ఇంట్లో ఎవరూ లేరని చెప్పు” అని పిల్లవానిని గుమ్మములోనికి పంపిన ఇల్లాలిని మేమెరుగుదుము. ఆమెను తప్పుపట్టలేము. మగవారు ఇంటలేని వేళనైనచో అరుగుమీదనే కూర్చుండవలెను, లేదా భార్యను వెంటబెట్టుకొని పోవలెను. పొయ్యిమీద అన్నము ఉడుకుచున్నప్పుడు పది నిమిషములకు మించి ఉండరాదు. ఇవి ఏ వేదపాఠశాలలోను పెద్దగా చెప్పరు. కాని వీనివలననే తలుపులు తెరచుకొనుటయు మూసికొనుటయు జరుగును.

ఆ నోటుపుస్తకములో పుట్టినరోజులకంటె చావు జరిగిన తేదీలను వ్రాసికొనుట ముఖ్యము. శవము లేచిననాడు ఊరంతయు వచ్చును. సంవత్సరము తిరిగి అదే తేదీ వచ్చినప్పుడు, ఆ యింట ఒక ముసలిది గోడకానుకొని కూర్చుండును. ఆనాటి సంగతి కోడలికి కూడ జ్ఞప్తి యుండదు. ఆ సాయంకాలము కాపరి వచ్చి గుమ్మములో నిలిచిన చాలును. మాటలాడవలెనని లేదు. యోబు స్నేహితులు బూడిదలో కూర్చున్న మిత్రుని చూచి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపక నేలమీద కూర్చుండిరని బైబిలు చెప్పుచున్నది. వారు చేసిన మంచిపని అదియొక్కటే. నోరు తెరచిన తరువాతనే వారు చెడిరి.

నోటి విషయము వచ్చినది గనుక, మేము చేసిన ఒక తప్పును చెప్పవలసియున్నది. పనికి వచ్చిన రెండవ యేట ఒక తల్లి మాయొద్దకు వచ్చి, తన కుమారుడు పట్టణములో త్రాగుడు మరిగి, ఇంటినుండి తీసికొనిపోయిన వెండి కడియములను కూడ అమ్ముకొనెనని చెప్పి ఏడ్చెను. మేము ఓదార్చి పంపితిమి. మరుసటి ఆదివారము నూటికిపైగా జనము కూడియుండగా, మేము కన్నులు మూసికొని, పేరు చెప్పకయే, “త్రాగుడుకు బానిసయైన ఒక తల్లి యొక్క ఏకైక కుమారుని” కొరకు గట్టిగా ప్రార్థించితిమి. ఏకైక కుమారుడు గల తల్లులు ఆ సంఘములో ముగ్గురే. మేము కన్నులు తెరచుసరికి ఆమె కూర్చుండిన చోటు ఖాళీగా నుండెను. ఆ సాయంకాలమే పోయితిమి. ఆమె అరుగుమీద బియ్యమేరుచు, తలయెత్తకయే, “అయ్యగారూ, మీరు దేవుడితో చెప్పారా, ఊరితో చెప్పారా?” అని అడిగెను. మాయొద్ద జవాబు లేకపోయినది. ఆమె మరల గుడిగడప త్రొక్కుటకు పదునాలుగు నెలలు పట్టినది. ఆ పదునాలుగు నెలలును మేము వారమునకొకసారి ఆ యరుగుమీద కూర్చుండి వచ్చుచుంటిమి. చాలా కాలము మంచినీళ్లు కూడ ఈయలేదు. ఒకనాడు ఇచ్చినది. అంతే.

కావున, చిన్న కాపరులారా, ప్రార్థన కూడ చాడీ కాగలదని ఎరుగుడు. ఒకరు చెవిలో చెప్పినది వేదికమీదకు, కమిటీలోనికి, భార్య చెవిలోనికి కూడ రాకూడదు. అయితే ఈ మాటకు ఒక హద్దు కలదు. పసివారిమీద ఎవరైన అత్యాచారము చేసిరని తెలిసినప్పుడు గుట్టు పాటింపరాదు. 2012 నాటి చట్టము ప్రకారము ఆ సంగతి తెలిసినవారు పోలీసువారికి తెలియజేయవలసినదే. చేసినవాడు సంఘపెద్దయైనను, సాటి కాపరియైనను సరే. సంఘము పరువు పోవునని దాచుట కాపరితనము కాదు. ఎవరైన ప్రాణము తీసికొందునని చెప్పినప్పుడును అంతే. ఆ రాత్రికి వారిని ఒంటరిగా విడువక, ఇంటివారిని మేల్కొలిపి, పురుగుమందు డబ్బాను ఇంటినుండి తీసివేయించి, తెల్లవారగానే వైద్యునియొద్దకు తోడుపోవలెను.

వైద్యుని మాట వచ్చినప్పుడు మరియొకటి. రోగికొరకు ప్రార్థించిన తరువాత “ఇక మాత్రలు అక్కరలేదు” అను కాపరులు కొందరు కలరు. క్షయరోగమునకు మందు సాధారణముగా ఆరు నెలలైనను వాడవలెను. రెండు నెలలకే దగ్గు తగ్గును, ఒళ్లు తేరును. అప్పుడే మానుకొనినచో వ్యాధి మరల తిరుగబెట్టుటయే గాక, పాత మందులకు లొంగని మొండివ్యాధిగా మారవచ్చును. ప్రార్థించిన కాపరియే మరుసటి వారము వచ్చి, మాత్రల అట్టను చేతిలోనికి తీసికొని, ఎన్ని ఖాళీ యైనవో లెక్కచూచినచో, ఆ ప్రార్థనకు లోటేమియు రాదు.

డబ్బు విషయము తొందరగా చెప్పి ముగింతుము. అది అందరికిని తెలిసినదే, ఆచరణలోనే కష్టము. కానుకలను ఇద్దరు లెక్కించి, అక్కడికక్కడే వ్రాసి, చేవ్రాలు చేయవలెను. ఆ యిద్దరిలో కాపరి యుండరాదు. తన సంఘములోని ధనికునియొద్ద అప్పు చేయరాదు. జీతము మూడు నెలలు రానప్పుడు ఇది ఎంత కఠినమైన మాటయో మాకు తెలియును. అయినను, ఎవనియొద్ద బియ్యపు బస్తా అప్పు తెచ్చెనో, వాడు కూలివారికి కూలి ఎగగొట్టినప్పుడు కాపరి నోరు లేవదు. ఆనాటి ప్రసంగము పరలోకమును గూర్చియే యుండును.

ఇంత చెప్పి, ఇక అలసటను గూర్చి చెప్పకున్న అన్యాయమగును. ఒక్కొక్క కాపరికి అయిదారు పల్లెలుండును. ఉదయము ఒకచోట ఆరాధన, మధ్యాహ్నము మరియొకచోట పెండ్లి, రాత్రి ఇంకొకచోట శవసంస్కారము. ఇట్లు రెండు మూడేండ్లు గడచిన పిదప నోట ప్రార్థన వచ్చును గాని లోపల ఏమియు కదలదు. దీనిని విశ్వాసలోపమని భావించి లోలోపల కుమిలిపోవు యువకులను చూచితిమి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరినప్పుడు, దేవదూత ఆయనకు ఉపన్యాసమీయలేదు. నిదురపోనిచ్చెను. లేపి రొట్టె పెట్టెను, నీళ్లిచ్చెను. మరల నిదురపోనిచ్చెను. తరువాతనే ప్రయాణము మాట. వారమునకొక దినము కాపరి తన యింటివాడుగా ఉండవలెను. తన పిల్లల లెక్కలు చూడవలెను. ఆ దినమును సంఘమునకు ముందుగా చెప్పి, చావు తప్ప వేరొకదానికి దానిని విడువరాదు. మోషేకు మామయైన యిత్రో, ఉదయమునుండి సాయంకాలమువరకు అల్లుడొక్కడే తీర్పులు తీర్చుట చూచి, పదిమందికొకనిని, ఏబదిమందికొకనిని నియమింపుమని మందలించెను. మామగారి సలహా విని బాగుపడిన అల్లుండ్లు అరుదు, మోషే వినెను.

పని పంచుకొనుట యనగానే ఆజ్ఞలిచ్చుట యని కొందరి తలంపు. ఇచట దోర్నకల్ బిషపు అజరయ్యగారిని తలచుకొనవలెను. 1874లో తిరునల్వేలి సీమలో పుట్టిన తమిళుడాయన. ముప్పది యయిదేండ్ల వయస్సున, 1909లో, దోర్నకల్ ప్రాంతమునకు వచ్చి, పల్లెవాండ్ర తెలుగును నేర్చి, వారి మధ్యనే స్థిరపడెను. 1912లో ఆంగ్లికను సంఘములో భారతీయులలో మొదటి బిషపైనను, 1945 జనవరి 1న మరణించువరకు ఆయన పని యెక్కువగా పల్లెలలోనే. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో, ఎందరో దొరలు కూర్చుండియుండగా, మీరు మాకు ధనమిచ్చితిరి, త్యాగము చేసితిరి, కాని మాకు కావలసినది స్నేహము అను భావము వచ్చునట్లు మాటలాడి పలువురికి కోపము తెప్పించెను. ఆనాడు ఆయన దొరలనడిగిన ప్రశ్నను నేడు మన కాపరులు తమ్మును తామడుగుకొనవచ్చును. గంట కొట్టు మనిషితో, ఉపదేశితో, ఆదివారపు బడి చెప్పు అమ్మాయితో కలిసి ఒక్క పూటయైన భోజనము చేసితిమా? లేక కబురు పంపి పిలిపించుటయేనా?

స్త్రీల మాట కూడ ఇందులోనిదే. ఎన్నో సంఘములలో నిజమైన పరామర్శ చేయునది కాపరి భార్య. ఆమెకు జీతము లేదు, పేరు లేదు, సెలవు లేదు. దక్షిణ ఇండియా సంఘము 1947లో ఏర్పడినది. ఆ సంఘమున 2013లో పుష్పలలితగారు నంద్యాల అధ్యక్షమండలమునకు బిషపై, ఆ పదవి నధిష్ఠించిన మొదటి స్త్రీ యైనారు. ఒక తెలుగు మండలముననే అది జరుగుట మనకు సంతోషము. అయినను పల్లెలో కాపరి భార్యను “అమ్మగారూ, మీరెట్లున్నారు?” అని అడుగువారెందరు?

ఈ ప్రశ్న సంఘములవారికి. మీ కాపరి ప్రసంగము దీర్ఘమైనదని ఇంటికి పోవు దారిలో చెప్పుకొనుచుందురు. ఆయనతో కూడ చెప్పుడు, మెల్లగా. జీతమును తేదీకి ఇండు. ఆయన పిల్లలను ఇతరుల పిల్లలవలెనే అల్లరి చేయనిండు. ఆయనకు సెలవుదినము కలదని మీకు చెప్పినచో, ఆనాడు తలుపు తట్టకుడు.

కాపరికి బదిలీ తప్పదు. మాకును వచ్చినది. కొత్తగా వచ్చినవారికి రిజిస్టర్లు, పెట్టె తాళములు, గంట త్రాడు అప్పగించిన తరువాత, ఆ నోటుపుస్తకము మిగిలినది. ఇండ్ల వరుస, పుట్టుకల తేదీలు, చావుల తేదీలు ఉన్న పుటలను విప్పి ఆయన చేతికిచ్చితిమి. తక్కిన పుటలను ఆ రాత్రి మా యింటి పొయ్యిలో వేసితిమి. తెల్లవారి బండి కదలునప్పుడు, ఆ తల్లి ఒక మరచెంబుతో మంచినీళ్లు తెచ్చి, దారిలో త్రాగుడని ఇచ్చెను. ఆమె కుమారుడు పెట్టెలు మోసి బండిలో పెట్టెను.