అన్‌స్టింటింగ్

ఈ పూట ఒక ఇంగ్లిషు విశేషణం గురించి మాట్లాడుకుందాం. అన్‌స్టింటింగ్. వెనకాడకుండా, హద్దు పెట్టుకోకుండా ఇచ్చే గుణాన్ని చెప్పే మాట.

ఇందులో అసలు పదం స్టింట్. ఫలానా క్రికెటర్ కౌంటీ స్టింట్ ముగిసిందని క్రీడావార్తల్లో వింటుంటాం. అక్కడ అది ఒక పనిలో గడిపే కాలం. క్రియగా వాడితే మాత్రం చేయి బిగబట్టి, కొలిచి కొలిచి ఇవ్వడం. పాత ఇంగ్లిషులో దీని మూలరూపానికి మొద్దుబార్చడం అని అర్థం. తర్వాత తర్వాత అది ఆపడం, పరిమితి పెట్టడం వైపు జరిగింది. ముందు 'అన్' చేరేసరికి ఆ పరిమితి పోతుంది.

ఈ గుణానికి ఉదాహరణ, కోనసీమలోని లంకల గన్నవరంలో జీవించి 1909లో కన్నుమూసిన డొక్కా సీతమ్మగారు. వేళ కాని వేళ గుమ్మంలోకి వచ్చిన బాటసారికి కూడా ఆమె వండి వడ్డించేవారు. ఆ తల్లి సేవకు ఇంగ్లిషులో ఇంతకన్నా తగిన విశేషణం నాకు తోచదు. మ్యూనిఫిసెంట్ అనవచ్చు కదా అంటారేమో. అది భారీ విరాళాలకు, ఘనమైన కానుకలకు నప్పే పదం. సీతమ్మగారు ఇచ్చింది అన్నంతోపాటు తన రెక్కల కష్టం, నిద్ర కూడా.

వాడుకలోనూ ఈ మాట డబ్బుకన్నా మద్దతు, మెచ్చుకోలు, శ్రమ వంటి వాటి ముందే ఎక్కువ కనిపిస్తుంది: అన్‌స్టింటింగ్ సపోర్ట్, అన్‌స్టింటింగ్ ప్రెయిజ్. మనిషికి వాడేటప్పుడు దాని తర్వాత 'ఇన్' చేర్చి, దేనిలో వెనకాడరో చెప్పడం మామూలు.