రైతు చేతికి డబ్బు రాకపోతే పట్టణానికీ పస్తే
(సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ధాన్యం కాటా వేసి మిల్లుకు పంపాక మనం ఏం చేస్తాం? ట్రక్ షీట్ జేబులో పెట్టుకుని, బ్యాంకు మెసేజ్ వచ్చిందా లేదా అని ఫోను చూసుకుంటూ ఉంటాం. ఆ రోజుల్లో మండల కేంద్రానికి వెళ్లాలంటే మొహం చెల్లదు. ఎరువుల కొట్టు ముందు నుంచి పోకుండా వెనక సందులోంచి పోతాం. ఆ కొట్టాయన కూడా తనకు సరుకిచ్చినవాడికి మొహం చూపించలేక తిరుగుతుంటాడు. ఒక్క రైతుకు డబ్బు ఆగితే బజారులో పదిమందికి ఆగుతుంది. ఇది మన దగ్గరే కాదు, వరి పండే ప్రతిచోటా ఉన్నదే. ఇవాళ థాయ్‌లాండ్‌లోని ఒక చిన్న పట్టణం సంగతి చెప్పుకుందాం.

ఆ దేశపు ఈశాన్య ప్రాంతాన్ని ఇసాన్ అంటారు. అక్కడ రోయ్ ఎట్, సురిన్ మొదలైన అయిదు రాష్ట్రాల్లో పరుచుకున్న పెద్ద మైదానం ఉంది. పేరు తుంగ్ కులా రోంగ్‌హాయ్. అంటే కులా వాళ్లు ఏడ్చిన మైదానం అని అర్థం. ఎంత దూరమైనా నడవగలరని పేరున్న కులా వర్తకులు ఈ నేల దాటలేక ఏడ్చారని అక్కడి కథ. ఇసుక నేల, ఉప్పు నేల. వానాకాలం మునుగుతుంది, ఎండాకాలం బీటలు వారుతుంది. అలాంటి నేలలో పండే బియ్యమే ప్రపంచమంతా కొనే హోమ్ మలి. మలి అంటే మల్లె. ఎక్కువమందికి ఏడాదికి ఒకటే పంట. నవంబరులో కోత.

ఆ మైదానంలో సువన్నఫూమ్ అనే పట్టణం ఉంది. మన సువర్ణభూమి మాటే అది. రోయ్ ఎట్ రాష్ట్రంలో ఒక జిల్లా కేంద్రం. జిల్లా అంటే మన జిల్లా అంత అనుకోకండి. మన పాత తాలూకాలాంటిది. ఇసాన్‌లో ఇలాంటి పట్టణాలన్నీ ఇంచుమించు ఒకే తీరు. ఒక ప్రభుత్వ కార్యాలయం, ఒక ఆసుపత్రి, వ్యవసాయ సహకార బ్యాంకు శాఖ, కూరగాయల బజారు, రైసుమిల్లులు, మోటారు సైకిళ్ల షాపులు, బంగారం కొట్లు.

బంగారం కొట్టు అక్కడి రైతుకు మరో బ్యాంకు. కోతల డబ్బు రాగానే ఒక బాత్ తూకం, అంటే సుమారు 15 గ్రాముల గొలుసు కొంటారు. మళ్లీ నాట్ల ముందు పెట్టుబడికి అదే తాకట్టు పెడతారు. మన ఆడవాళ్ల పుస్తెలతాడు తిరిగే దారి కూడా ఇదే కదా. వయసు పిల్లలు బ్యాంకాక్‌లో ఫ్యాక్టరీలకు, టాక్సీలకు పోతారు. ఇంటి దగ్గర తాతమ్మలు మనవల్ని పెంచుతారు. ఏప్రిల్‌లో సొంగ్‌క్రాన్ పండక్కి అందరూ వస్తేనే ఊరు నిండుతుంది.

ఇక అసలు సంగతి. 2011 అక్టోబరులో యింగ్లక్ షినవత్ర ప్రభుత్వం ధాన్యానికి కొత్త రేటు పెట్టింది. మామూలు ధాన్యం టన్నుకు 15,000 బాత్‌లు, హోమ్ మలికి 20,000 బాత్‌లు. బజారు ధర కంటే చాలా ఎక్కువ. రైతు మిల్లుకు తోలాలి, రసీదు తీసుకోవాలి, ఆ రసీదు వ్యవసాయ బ్యాంకులో చూపితే డబ్బు. మొదట్లో అలాగే వచ్చింది. రైతు సంతోషించాడు. దాన్ని తప్పుపట్టడానికి లేదు. అమ్మకానికి ఎక్కువ ధాన్యం ఉన్నవాడికే ఎక్కువ లాభం దక్కిందన్న మాట మాత్రం మనం మర్చిపోకూడదు.

బియ్యం గోదాముల్లో దాచిపెడితే ప్రపంచంలో రేటు పెరుగుతుందని వాళ్ల లెక్క. సరిగ్గా 2011 సెప్టెంబరులోనే మన దేశం బాస్మతీ కాని బియ్యం ఎగుమతి మీద నిషేధం ఎత్తేసింది. మన కాకినాడ రేవు నుంచి కూడా బియ్యం ఓడలు కదిలాయి. 2012లో ఎగుమతిలో మన దేశం మొదటి స్థానానికి వెళ్లింది, థాయ్‌లాండ్ మూడో స్థానానికి దిగింది. వాళ్ల గోదాముల్లో బియ్యం మూలిగింది. ఇక్కడ లాభం వ్యాపారికి పోయింది గానీ, అక్కడ నష్టం మటుకు రైతు నెత్తినే పడింది.

2013 డిసెంబరులో పార్లమెంటు రద్దయింది. ఆపద్ధర్మ ప్రభుత్వానికి అప్పు పుట్టలేదు. హోమ్ మలి కోతలైన సమయం అదే. చేతిలో రసీదులు ఉన్నాయి, బ్యాంకులో డబ్బు లేదు. పది లక్షల మందికి పైగా రైతులకు బకాయి పడింది. వడ్డీ వ్యాపారుల దగ్గరకు పోక తప్పలేదు. ఆత్మహత్యల వార్తలూ వచ్చాయి. 2014 ఫిబ్రవరిలో రైతులు వెళ్లి వాణిజ్య శాఖ ముందు కూర్చున్నారు. మే 22న సైన్యం అధికారం గుంజుకుంది. ఆ తర్వాత బకాయిలు తీర్చారు, పథకాన్ని ఎత్తేశారు. డబ్బు వచ్చింది గానీ రేటు పోయింది, ఓటూ పోయింది.

ఆ నెలల్లో అలాంటి పట్టణాల్లో ఆగనిది ఒకటి ఉంది. అది ఆసుపత్రి. థాయ్‌లాండ్ 2002లో చట్టం చేసి, 30 బాత్‌లకే వైద్యం అనే పద్ధతిని దేశమంతటికీ తెచ్చింది. అంతకు ముందే దాదాపు ప్రతి జిల్లా పట్టణంలో ప్రభుత్వ ఆసుపత్రి కట్టుకున్నారు. వైద్యం చదివిన పిల్లలు కొన్నేళ్లు ప్రభుత్వ సేవ చేయాలని 1970లలోనే నియమం పెట్టారు. అందుకే రసీదు చేత పట్టుకుని తిరిగిన రైతు, జ్వరం వస్తే మాత్రం అప్పు కోసం తిరగనక్కర్లేకపోయింది. ఆ ఆసుపత్రి తలుపు పంట డబ్బును బట్టి తెరుచుకునేది కాదు.

మిత్రులారా, మనం నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది. రేటు ప్రకటించడం వేరు, డబ్బు చేతికి ఇవ్వడం వేరు. మనం ఎన్నేళ్లుగానో గిట్టుబాటు ధర అడుగుతున్నాం. ఇక ముందూ అడుగుతాం. దాంతోపాటు కాటా వేసిన రోజు నుంచి ఎన్ని రోజుల్లో డబ్బు పడాలో చట్టంలో రాయమని అడగాలి. ఆలస్యమైన ప్రతి రోజుకూ వడ్డీ కట్టమనాలి. మనం బ్యాంకుకు ఒక్కరోజు ఆలస్యమైతే వడ్డీ కట్టడం లేదా? ప్రభుత్వానికి ఇంకో న్యాయమా?

మన మండల కేంద్రంలో ఆసుపత్రికి డాక్టరు కావాలని అడగడం కూడా రైతు సంఘం పనే. పంట డబ్బులో ఎంత వైద్యానికి పోతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు.

చివరిగా ఒక మాట. ఇవి అడగడానికి మనం ఒంటరిగా పోవద్దు. ఎరువుల కొట్టాయన్ని, హోటలాయన్ని, ఆటో స్టాండు వాళ్లను కూడా కలుపుకుని పోదాం. మన డబ్బు ఆగితే వాళ్ల పొయ్యీ వెలగదు. ఈసారి మండల కార్యాలయం ముందు కూర్చున్నప్పుడు బజారు కూడా మన పక్కన కూర్చోవాలి.