అమెరికా కర్షకుల పాత వార్మింటు తుపాకులు: వాని గుఱియు, పరీక్షించు విధమును

(వ్యవసాయదారుల సభలో చదువబడిన యుపన్యాసము)



పైరును కాపాడుకొనుట విత్తుట యంత ముఖ్యమైన పని. మన ప్రాంతమున అడవిపందులును కోతులును చేయు నష్టమును మీకు నేను వర్ణింప నక్కఱలేదు. ఉత్తర అమెరికా కర్షకులకును ఇట్టి బాధయే కలదు. పైరును చెఱచు చిన్న జంతువులను వారు వాడుకలో వార్మింటు లందురు. వానిని కొట్టుటకై చేయబడిన తుపాకికిని ఆ పేరే వచ్చినది. అట్టి తుపాకులలో పాతవానిని, చేతులు మారినవానిని కోరి కొనువారు నేటికిని అచ్చట పెక్కుమంది కలరు. అందులకు కారణమేమి, పాత తుపాకి మంచిదో కాదో తెలిసికొనుట యెట్లు, అను రెండు విషయములను మీకు మనవి చేసెదను.

ఆ దేశపు తూర్పు రాష్ట్రములలో వుడ్‌చక్ అను జంతువు కలదు. ఇది ఉడుత కుటుంబములోనిది; కాని యించుమించు పిల్లి యంత యుండును. చిక్కుడు పైరును, పశువుల మేతకు వేసిన క్లోవరును తినుటయే గాక పొలములో లోతైన బొఱియలు త్రవ్వును. వానిలో పశువుల కాళ్లు విఱుగుటయు, ట్రాక్టరు చక్రములు దిగబడుటయు కద్దు. పడమటి మైదానములలోని ప్రెయిరీ డాగ్ కూడ ఇట్టిదే. పేరున కుక్క యని యున్నను అదియు ఉడుత కుటుంబమే. ఇవి మనుష్యుని దూరమునుండియే పసిగట్టి బొఱియలో దూరును గనుక వానిని నూఱు, రెండు నూర్ల గజముల నుండి కొట్టవలసి వచ్చును. గుఱి రెండంగుళములు తప్పినచో జంతువు గాయముతో బొఱియ జొచ్చి బాధపడి చచ్చును. కావున గుఱిగల తుపాకి యుండుట పైరునకు రక్షణ యగుటయే గాక, ఆ జంతువునెడల దయయు నగును.

ఈ పనికి తగిన తూటాలలో పేరొందిన .22 హార్నెట్ 1930లో విన్‌చెస్టర్ కంపెనీ వలన అమ్మకమునకు వచ్చినది. 1935లో అదే కంపెనీ .220 స్విఫ్ట్‌ను తెచ్చినది. దీని 48 గ్రెయినుల గుండు సెకనుకు 4,110 అడుగుల వేగముతో పోవునని ప్రకటించిరి. 1936లో విన్‌చెస్టర్ 70వ నమూనా తుపాకి వచ్చినది. 1950లో రెమింగ్టన్ కంపెనీకి చెందిన మైక్ వాకర్ రూపొందించిన .222 తూటాను ఆ కంపెనీ తన 722వ నమూనా తుపాకితో బాటు జనులకు పరిచయము చేసెను. తుపాకిని బల్లపై నానించి కాగితపు గుఱిని కొట్టు పోటీలలో ఈ తూటా పెక్కేండ్లు అగ్రస్థానమున నుండెను.

విన్‌చెస్టర్ వారు 1964లో ఖర్చు తగ్గించుటకై 70వ నమూనా నిర్మాణమును మార్చిరి. అంతకు పూర్వపువానికే గిరాకి మిక్కుటము. నున్నగా కదలు గడియ, వాల్‌నట్ కఱ్ఱపై శ్రద్ధగా చేసిన పని, తండ్రి తాతలు వాడిన వస్తువను ప్రీతి, ఇవన్నియు ఆ గిరాకికి కారణములు. అయితే నేటి యంత్రములపై తయారగు సామాన్యమైన క్రొత్త తుపాకులు సైతము తక్కువ వెలకే చక్కని గుఱి నిచ్చుచున్నవి. కావున పాతదగుట మాత్రముననే గుఱి కలదని తలచుట పొరపాటు. పాతదగుట మాత్రముననే గుఱి పోయినదని తలచుటయు పొరపాటే.

తుపాకి ప్రాణమంతయు గొట్టములో నున్నది. గొట్టపు లోపలి గోడపై మెలితిరిగిన సన్నని చాళ్లుండును. గుండు ఆ చాళ్ల వెంబడి తిరుగుచు పోవుటచే దారి తప్పదు. నాగలి వంకరైనచో చాలు వంకరైనట్లు, ఈ చాళ్లు చెడినచో గుండు తిన్నగా పోదు. చాళ్లు చెడుటకు ముఖ్యముగా మూడు కారణములు. మందు మండినప్పటి వేడి వాయువు తూటా కూర్చుండు చోటికి ముందున్న గొట్టపు గొంతును తినివేయుట మొదటిది. స్విఫ్ట్ వంటి అతివేగపు తూటాలను ఆగక కాల్చినచో ఇది త్వరగా జరుగును. కొద్ది మందుతో పనిచేయు హార్నెట్‌లో మిక్కిలి ఆలస్యముగా జరుగును. పూర్వపు తూటా టోపీలలోని పొటాసియము క్లోరేటు మండి, ఉప్పుగా మిగిలి, గాలిలోని తేమను పీల్చి త్రుప్పు పట్టించుట రెండవది. శుభ్రపఱచు కడ్డీని అజాగ్రత్తగా త్రోయుటచే గొట్టపు మూతి అఱుగుట మూడవది.

కావున పాత తుపాకిని కొనువారు అచ్చట ఈ క్రమమున పరీక్షింతురు:

1. ముందుగా గడియ తెఱచి, లోపల తూటా లేదని కంటితోను వ్రేలితోను నిశ్చయించుకొందురు.

2. గొట్టమును శుభ్రముగా తుడిపించి, వెలుతురునకు పట్టి, గొంతుకడ గరుకును, లోపల త్రుప్పు గుంటలను, మూతికడ నొక్కులను చూతురు.

3. కఱ్ఱ ఎండకు వానకు వంగి గొట్టమును ఒక ప్రక్క నొత్తుచున్నదా యని చూతురు. ఇది బాగుచేయదగిన లోపము.

4. తూటా కూర్చుండు చోటి కొలతను, మీట యొక్క భద్రతను నిపుణుడైన తుపాకి మరమ్మతుదారునిచే చూపింతురు.

5. నూఱు గజములపై అయిదేసి గుండ్ల చొప్పున, గొట్టమును చల్లారనిచ్చుచు, మూడు నాలుగు కాగితములపై కాల్చుదురు. ప్రతి కాగితముపైన అయిదు గుండ్లును ఇంచుమించు అంగుళములో నిమిడినచో ఆ తుపాకి మంచిదే.

అమ్మువాడు చూపు ఒక్క కాగితమును నమ్మరాదు. పట్టా, పహాణీ చూడక మాటపై భూమి కొనువాడెవడు? మఱియు .222 పాత తుపాకులలో చాలు సాధారణముగా 14 అంగుళముల కొక చుట్టు తిరుగును. అది 50, 55 గ్రెయినుల గుండ్లకు తగినది. నేటి పొడవైన బరువు గుండ్లను అందులో వేసి గుఱి తప్పినదని తుపాకిని నిందించుట న్యాయము కాదు.

ఎంతటి గుఱి యున్నను, జంతువు వెనుక మట్టికట్ట లేనిచో కాల్చరాదు. తప్పిన గుండు మైలునకు మించి పోగలదు; అచ్చట ఎవరి బిడ్డ యుండునో తెలియదు.

మన దేశమున 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తుపాకిని కొనుటయు, ఉంచుకొనుటయు నేరము. పాతదైనను, తాతదైనను తుపాకిని వాడుటకు లైసెన్సు కావలయును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము పట్టికలోని మృగమును అనుమతి లేక కొట్టుటయు నేరమే. పైరు నష్టమైనచో మొదట అటవీ అధికారులకు దరఖాస్తు పెట్టుకొనవలయును.

తుపాకితో పనిలేనివారును ఇందలి నీతిని గ్రహింపవచ్చును. పాత ఇంజనుగాని, పాత బండిగాని కొనునప్పుడు పైమెఱుగును, పేరును చూచి మురియక, పనిచేయు భాగమును విప్పించి చూచి, పని చేయించి చూచి, పిమ్మట వెల మాటలాడుడు.