బురదకు తేదీ ఎప్పుడు పడుతుంది?



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. జియాలజీ చదివే మా మనవరాలి దగ్గర నేర్చుకున్న ఒక సంగతి మీతో చెప్పాలని వచ్చాను.

మన దక్షిణ పినాకిని హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యాంలో, ఆ తర్వాత క్రిష్ణగిరి డ్యాంలో ఆగుతుంది. నీరు నిలిచినచోట ఒండ్రు అడుగుకు దిగుతుంది. అందులో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు నలుసులుంటాయి. పిల్లలు ఇసుకలో అయస్కాంతం తిప్పితే అంటుకునే నల్లపొడి చాలావరకు అదే. ఒక్కో నలుసూ ఒక చిన్న దిక్సూచి. నీటిలో దిగేటప్పుడు అది భూమి అయస్కాంత క్షేత్రం వైపు మొగ్గుతుంది.

అడుగుకు చేరినంతనే పని పూర్తికాదు. పైపొర బురద నీళ్ళతో మెత్తగా ఉంటుంది. పురుగులు దాన్ని కెలుకుతాయి. సన్నటి నలుసులు ఇంకా తిరగగలవు. పైన కొత్త పొరలు పడి, ఆ బరువుకు నీరు బయటికి పోయి, బురద బిగిసినప్పుడే దిక్కు ఖాయమవుతుంది.

మా రోజుల్లో సోమవారం వేసిన చెక్కు క్లియరింగ్ అయి గురువారం ఖాతాలో పడేది. ఇదీ అంతే. లోతు సముద్రంలో వెయ్యేళ్ళకు ఒక సెంటీమీటరు మట్టి పేరుకుని, 10 సెంటీమీటర్ల లోతున దిక్కు ఖాయమైతే తేడా 10,000 ఏళ్ళు. ఏడాదికి మిల్లీమీటరు పేరుకునేచోట 100 ఏళ్ళే. భూమి అయస్కాంత ధ్రువాలు చివరిసారి తారుమారైంది సుమారు 7.7 లక్షల ఏళ్ళ క్రితం. దాని తేదీ కట్టేవారు ఈ తేడా మరిస్తే లెక్క తప్పుతుంది.

ఖాయమైనదీ చెరిగిపోవచ్చు. 2006లో గ్యాస్ హైడ్రేట్ అన్వేషణ కోసం జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ కృష్ణా గోదావరి బేసిన్‌లో సముద్రపు అడుగును తొలిచింది. ఆ ప్రాంతపు మట్టిని పరిశీలించిన గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవారు, కొన్ని పొరల్లో సల్ఫైడు వల్ల మాగ్నటైట్ కరిగిపోయి, గ్రైగైట్ అనే కొత్త అయస్కాంత ఖనిజం పుట్టిందని గుర్తించారు. పాత ఎంట్రీ పోయి, తర్వాతి తేదీతో కొత్త ఎంట్రీ పడినట్టన్నమాట.

ఇది విన్నప్పుడు మా అబ్బాయి గుర్తొచ్చాడు. పదో తరగతిలో లెక్కలు తప్పితే, "వీడింతే" అని చుట్టాల ముందు అనేశాను. వాడిప్పుడు అకౌంట్లు చూసే ఉద్యోగమే చేస్తున్నాడు. ఆ మాట మాత్రం ఇంకా మరచిపోలేదు. బురద ఆరకముందే నేను తేదీ వేసేశాను.

అమ్మలారా, అయ్యలారా! మార్కులు వచ్చిన రోజే పిల్లల మీద ముద్ర వేయకండి. వాళ్ళు ఇంకా తిరగగలరు.

సెలవు.