చేనేతవారి ఐకమత్యము – సహకారసంఘములు



ఐకమత్యమునుగూర్చి నాలుగుమాటలు చెప్పుడని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. ఐకమత్యము మంచిదని చెప్పుటకు ఇంత పందిరి అక్కఱలేదు. దానిని కాదన్నవాడు లోకమున లేడు. ఎవరితో కలయవలెను, దేనికొఱకు కలయవలెను, ఏ కట్టుబాటునకు లోబడి కలయవలెను అనునదియే చిక్కు. కావున మనము పుట్టి పెరిగిన మగ్గమును, దానిచుట్టు లేచిన సహకారసంఘమును పట్టుకొనియే మాటలాడెదము.

పడుగునకు గంజి పట్టించుట మనలో పెద్దలందఱు ఎఱిగినదే. తెల్లవారుజామున వీధిపొడవున పడుగును సాగదీసి బిగించి, ఇరుప్రక్కల నిలిచి కుంచెలతో దువ్వవలెను. ఎండ యెక్కినచో దువ్వుట ముగియకమున్నే గంజి యారిపోవును. ఇది ఒక్క కుటుంబమువలన నగుపని కాదు. కావున నేడు నీ పడుగునకు మేము, రేపు మా పడుగునకు నీవు అను ఏర్పాటు చేనేతవాడలలో తరతరములుగా నడచినది. దానికి రిజిస్ట్రారు లేడు, నిబంధనావళి లేదు. ఒకనాడు కుంచె పట్టనివానికి మఱునాడు చేతులు దొరకవు; అదియే శాసనము. సహకారము పడమటినుండి వచ్చిన క్రొత్తవిద్య యనువారు ఈ వీధిని చూడలేదని మా యభిప్రాయము.

అయినను పడమటివారియొద్ద నేర్వవలసినదియు కలదు. ఇంగ్లండునందలి రాచ్‌డేలు పట్టణమున 1844వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీని 28 మంది సభ్యుల సంఘమొకటి చిన్నదుకాణము తెఱచెను. సభ్యులలో పలువురు నేతగాండ్రు. అమ్మకమునకు పెట్టినవి పిండి, వెన్న, చక్కెర వంటి సరకులు. మూలధన మెంతయున్నను మనిషి కొక్క వోటే యనియు, మిగులును కొనుగోలునుబట్టి పంచవలెననియు, మతభేదములను రాజకీయపక్షములను గుమ్మము వెలుపలనే విడువవలెననియు వారు నియమించుకొనిరి. ఈ కడపటి నియమమును మనము వల్లించినంతగా పాటింపలేదు. మన దేశమున 1904లో వచ్చిన సహకారశాసనము ఋణసంఘములకు మాత్రమే చోటిచ్చినది. 1912 శాసనముతో ఉత్పత్తి, విక్రయసంఘములకును దారి యేర్పడినది.

షావుకారు నూలిచ్చును, రంగిచ్చును, నమూనా యిచ్చును, కూలి యిచ్చును. ముందుగా బదులిచ్చి మగ్గమును తనకే కట్టివేసికొనును. చీర ధర పెరిగినను కూలి పెరుగదు. ఈ సభలో పోషకులుగా కూర్చున్నవారిలో షావుకార్లును కలరు. వారు కోపగింపక వినవలెనని ప్రార్థన. సంఘమునకును షావుకారునకును ఎల్లప్పుడు శత్రుత్వమే యుండనక్కఱలేదనుటకు పోచంపల్లి తార్కాణము. అచ్చటి చేనేత సహకారసంఘమును, పట్టుచీరల తయారీదారుల సంఘమును వేర్వేఱు ప్రయోజనములు గలవి. అయినను తమ యిక్కతునేతకు భౌగోళికసూచిక కోరునప్పుడు రెండును కలసి దరఖాస్తు చేసికొనెను. అచ్చువేసిన గుడ్డ పోచంపల్లిపేరుతో అమ్ముడుపోయినచో ఇరువురకును నష్టమే యని గుర్తించిరి. 2004-05లో ఆ గుర్తింపు లభించెను. తక్కిన తగవు లట్లేయుండగా ఒక్కపనికై కలయుటయు సహకారమే.

ఇక మనలోని విభేదములు. మనవారు భావనాఋషిని, దేవాంగులు దేవలమహర్షిని మూలపురుషులుగా చెప్పుకొందురు. తొగటవారికి, పట్టుశాలీలకు, కైకాలవారికి ఎవరి కథలు వారికున్నవి. పెండ్లిపందిటిలో ఆ కథలు వినుటకు ఇంపుగానే యుండును. కాని నూలు ధర పెరిగినప్పుడు ఋషినిబట్టి తగ్గించి అమ్ముమిల్లు మాకెచ్చటను కానరాలేదు. చేనేతవారి స్థితిగతులను విచారించి 1930లో ఆంగ్లమున గ్రంథము వెలువరించిన ఆచార్య ఎన్. జి. రంగాగారు నేతకులమున పుట్టినవారు కారు, నిడుబ్రోలు రైతుకుటుంబమువారు. పరులు మనకై పాటుపడగా మనలో మనము శాఖకొక సంఘము పెట్టుకొనుట వింతగానున్నది.

పక్షరాజకీయములు మఱియొక చీడ. సంఘపు ఎన్నికలకు పక్షమున కొక జాబితా. ఓడినవారు నూలు తీసికొనుట మానుదురు, గెలిచినవారు లెక్క చూపుట మానుదురు. తగవు ముదిరిన పిమ్మట అధికారియే సంఘమును నడపును. 1976లో ఏర్పడిన ఆప్కో మన వస్త్రములకు పెద్దయంగడి యయ్యెను. కాని అంగడికి సరకు పంపవలసిన ప్రాథమికసంఘములు పలుచోట్ల పేరునకు మాత్రమే మిగిలినవి. ప్రభుత్వపు మూలధనము లేకయే సంఘములు తమంత తాము నడచుకొనుటకు 1995లో పరస్పరసహాయ సహకారశాసనము వచ్చినది. స్వతంత్రించుటకు దారియున్నను నడచినవారు తక్కువ. 2020లో కేంద్రప్రభుత్వము అఖిలభారత చేనేతబోర్డును రద్దుచేసినది. మాటలాడుకొను వేదిక యొకటి పోయినప్పుడు పదిగొంతుకలతో పదిమాటలు చెప్పినచో వినువాడెవడు?

ఒక విషయము ఎవరును ఎత్తుటలేదు గనుక మేమే యెత్తెదము. 2019-20 చేనేతగణనలో దేశమంతట నేతవారు, అనుబంధపనివారు కలసి 35 లక్షలకు పైబడి తేలిరి. నేతవారిలో నూటికి 72 మంది స్త్రీలు. కండెలు చుట్టుట, నూలు తోడుట, ఆసు పోయుట మన యిండ్లలో వారిపనియే. ఆసు పోయునప్పుడు చీర కొక్కింటికి వేలసారులు చేయి ఆడింపవలెను. తల్లి లక్ష్మిగారి భుజపునొప్పి చూచి చింతకింది మల్లేశముగారు 1999లో ఆసుయంత్రము కల్పించి దానికామె పేరే పెట్టిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. యంత్రమునకు తల్లిపేరు దక్కినది; సంఘపు సభ్యత్వపుస్తకములలో మాత్రము తల్లుల పేర్లు వెదకవలసి యున్నది. సగముకంటె ఎక్కువపని చేయువారిని వెలుపల నుంచి ఐకమత్యమని పలుకుట మాకు రుచింపదు.

రేపటి తీర్మానములలో మన శాఖవారికే ప్రత్యేకసంఘము కావలెనను తీర్మాన మొకటి యున్నదని వింటిమి. ప్రతిపాదించినవారు మాకు ఆప్తులు. వారి బాధయు మేమెఱుగనిది కాదు. అయినను దానిని ఒక్కయేడు నిలుపుడని వేడుచున్నాము. అంతలో చుట్టుప్రక్కల దేవాంగ, తొగట సోదరులను పిలిచి, నూలు కొనుగోలు మాత్రమైనను కలసి చేసిచూతము. పక్షము మాట, పదవుల మాట అందులోనికి రానక్కఱలేదు. నూలు పంచుకొను పద్ధతియు, భర్తతోపాటు భార్యకును సభ్యత్వ మిచ్చుటకు వలయు నిబంధనయు వ్రాసి కార్యదర్శిగారి కిచ్చితిమి. విషయనిర్ణయసభ కూర్చుండునప్పుడు ఆ కాగితమును ముందుంచుకొందురుగాక.